డ్యాష్‌క్యామ్ పెట్టుకున్న నా తోటి హైదరాబాదీలకు

అన్నలకు, అక్కలకు, ఈ ఊరి రోడ్ల మీద రోజూ కారు నడిపే అందరికీ నమస్కారం.

నా కారు అద్దానికి కూడా కెమెరా ఉంది. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. నాలుగేళ్ల కిందట పెట్టించాను. ఒకరోజు నాగోల్ బ్రిడ్జి దిగుతుంటే ఒక ట్రాలీ ఆటో ఎడమవైపు నుంచి దూసుకొచ్చి నా కారు డోర్ గీకేసింది. గీకినవాడే, నేను గుద్దానని గొడవకు దిగి పదిమందిని పోగేశాడు. కార్లో నేనొక్కదాన్నే. చుట్టూ చేరినవాళ్లలో సగం మంది "మేడమ్, ఎంతో కొంత ఇచ్చేసి పొండి" అన్నవాళ్లే. కెమెరా క్లిప్ ఫోన్‌లో తెరిచి చూపించాక ఒక్కొక్కరే జారుకున్నారు. ఇన్సూరెన్స్ వాళ్లకూ అదే క్లిప్ పంపించాను. అలాంటి రోజు ఒకటి ఎదురైతే గానీ ఆ చిన్న డబ్బా విలువ తెలియదు. అందుకే కెమెరాలు పీకేయమని నేను రాయడం లేదు. కెమెరా మెమరీ కార్డులో ఉన్న వీడియో బయటికి వచ్చాక ఏమవుతోందో చెప్పడానికి రాస్తున్నాను.

మా బాపుకి డెబ్బై ఒక్క ఏళ్లు. ముప్పై ఏళ్లు ఆర్టీసీ బస్సు నడిపాడు. మేము బోడుప్పల్‌లో ఉంటాం. ఆ రోడ్డు సంగతి తెలిసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఉప్పల్ నుంచి నారపల్లి దాకా ఫ్లైఓవర్ అని 2018లో పని మొదలుపెట్టారు. ఏళ్ల తరబడి మాకు మిగిలింది పిల్లర్లు, గుంతలు, దుమ్ము. ఇవాళ ఉన్న యూటర్న్ రేపు ఉండదు. పోయిన ఏడు వానాకాలంలో ఒక సాయంత్రం అమ్మకు షుగర్ మాత్రలు అయిపోయాయి. బాపు టీవీఎస్ ఎక్సెల్ తీసుకుని బయల్దేరాడు. మెడికల్ షాపు రోడ్డుకు అవతలి పక్క. మందులు కొనుక్కుని తిరిగి వచ్చేటప్పుడు చూస్తే, ఎప్పుడూ తిరిగే యూటర్న్ మూసేసి ఉంది. చాలా దూరం పోయి తిరిగి రావాలి. ఆయన బారికేడ్ల పక్కనుంచి ఓ వంద అడుగులు రాంగ్ రూట్‌లో వచ్చాడు. హెల్మెట్ తలకు లేదు, హ్యాండిల్‌కి వేలాడుతోంది. ఎదురుగా వచ్చిన కారు గట్టిగా హారన్ కొట్టింది. బాపు తడబడి కాలు కింద పెట్టాడు, బండి ఒరిగింది, మందుల కవరు బురదలో పడింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఆయన వంగి మాత్రల అట్టలు ఏరుకుంటుంటే ఆ కారు కాసేపు ఆగి, వెళ్లిపోయింది.

తప్పు మా బాపుదే. రాంగ్ రూట్‌లో వచ్చేవాళ్ల వల్ల మనుషులు చచ్చిపోతున్నారు, అది ముప్పై ఏళ్లు స్టీరింగ్ పట్టుకున్న ఆయనకు నాకంటే బాగా తెలుసు. ఆ వీడియో తీసినవాళ్లు పోలీసులకు పంపారు కాబోలు, కొన్నాళ్లకు చలానా వచ్చింది. "తప్పు చేసినం బిడ్డా, కట్టాలె" అని నన్ను కూర్చోబెట్టి ఆ రోజే కట్టించాడు. అక్కడితో లెక్క తీరిపోవాలి.

తీరలేదు. అదే వీడియో పంతొమ్మిది సెకన్ల ముక్కగా ఇన్‌స్టాగ్రామ్‌లోకి వచ్చింది. బండి నంబరు కనిపిస్తోంది, ముఖం స్పష్టంగా కనిపిస్తోంది. బురదలో మాత్రలు ఏరుకునే చోట స్లో మోషన్ పెట్టి, వెనక ఏదో కామెడీ మ్యూజిక్ కలిపారు. కెమెరాకు మైక్ ఆన్‌లో ఉంది కదా, కార్లో ఇద్దరు నవ్వుకోవడం, "తాతా, పైకి పోవడానికి అంత తొందరేంది" అన్న మాట కూడా రికార్డయ్యాయి. యూటర్న్ మూసేసిన బారికేడ్ ఆ పంతొమ్మిది సెకన్లలో ఎక్కడా లేదు. మందులు ఎవరి కోసమో లేదు. బాపు పాత అలవాటు కొద్దీ ఖాకీ చొక్కా వేసుకున్నాడు. అది చూసి కామెంట్లలో ఆటో డ్రైవర్ అనుకున్నారు, ఊళ్లో ఆటోవాళ్లందరినీ కలిపి బూతులు తిట్టారు. కొందరు ఇలాంటి ముసలివాళ్లను గుద్దేసి పోవాలని రాశారు. ఎన్ని లైకులు వచ్చాయో నేను ఇక్కడ రాయను.

బాపుకి ఫోన్‌లో ఇవన్నీ చూసే అలవాటు లేదు. మా వీధి కిరాణా కొట్టు దగ్గర ఒక కుర్రాడు చూపించాడు, పెద్ద విషయమేమీ కానట్టు, నవ్వుతూనే. ఆ రోజు నుంచి ఆయన ఆ కొట్టుకు వెళ్లలేదు. ఖాకీ చొక్కాలు మూడుంటే మూడూ మడిచి ట్రంకు పెట్టెలో పెట్టేశాడు. పొద్దున్నే రైతు బజారుకు పోయి కూరగాయలు ఏరి ఏరి తేవడం ఆయనకు రిటైరయ్యాక దొరికిన ఒక్క సరదా. అదీ మానేశాడు. ఎందుకు పోవట్లేదని అడిగితే ఒకసారి అన్నాడు: "ఎవరి ఫోన్ల ఉన్ననో ఎట్ల తెలుస్తది బిడ్డా. ఎదురొచ్చినోడు చూసిండో లేదో అని టెన్షన్."

ఆ మాట నాలోంచి పోవడం లేదు. చలానాకు ఒక మొత్తం ఉంటుంది, ఒక తేదీ ఉంటుంది, కడితే రసీదు వస్తుంది. ఈ వీడియోకు అవేవీ లేవు. ఎంత కడితే తీరుతుందో చెప్పేవాళ్లు లేరు. న్యాయమూర్తి వేసే శిక్షకైనా గడువు ఉంటుంది.

ఇలాంటి వీడియోలు తీసేవాళ్లు చెప్పేది ఒకటే: "రోడ్డు అందరిదీ. రోడ్డు మీదకు వచ్చాక ప్రైవసీ ఏంటి?" నిజాయితీగా అడుగుతున్న ప్రశ్నే ఇది. నేనూ చాలా రోజులు అలాగే అనుకున్నాను. కానీ రోడ్డు అందరికీ ఒకే రకంగా రోడ్డు కాదు. మెయిన్ రోడ్డు జామ్ అయితే మ్యాప్ మనల్ని ఎటు పంపిస్తుందో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. వారాసిగూడ, బౌద్ధనగర్, అడ్డగుట్ట, రసూల్‌పుర, బోరబండ, తలాబ్‌కట్ట సందుల్లోకి తిప్పుతుంది. మనకది షార్ట్‌కట్. అక్కడివాళ్లకు అది ముందుగది. ఒకే గది ఉన్న ఇంట్లో ఐదుగురు ఉంటే బతుకులో సగం గుమ్మం బయటే గడుస్తుంది. నల్లా వచ్చే రోజు బిందెలు వరసపెట్టి కూర్చునేది అక్కడే. తలంటుకుని జుట్టు ఆరబెట్టుకునేదీ, పిల్లాడికి స్నానం పోసేదీ, పక్షవాతం వచ్చిన తాతకు మంచం వేసేదీ అక్కడే. మన కారు అద్దాలు ఎక్కించుకుని ఏసీ వేసుకుని ఆ ముందుగదిలోంచి పోతుంది. వెడల్పు లెన్సు కాబట్టి రోడ్డుతో పాటు రెండు పక్కల గుమ్మాలూ కార్డులోకి ఎక్కుతాయి. పోయేది పోదాం, దారి ఉంది కాబట్టి. కానీ అందులోంచి ఒక ముక్క కోసి "హైదరాబాద్ గల్లీలు ఇలా ఉంటాయి" అని పెట్టినప్పుడు ఆ తలంటుకున్న ఆవిడ మీ వీడియోలో ఎందుకు ఉండాలి? ఆవిడ తన ఇంటి ముందు కూర్చుంది, అంతే.

ఆషాఢంలో బోనాలప్పుడు ఇంకా బాధగా ఉంటుంది. ట్రాఫిక్‌లో ఆగిన కార్లలోంచి, నెత్తిన బోనం పెట్టుకుని పూనకంలో ఊగే ఆడమనిషి ముఖాన్ని దగ్గరికి జూమ్ చేసి పెడుతున్నారు. ఊరేగింపు ఫోటో తీయడం వేరు. ఒళ్లు తెలియని స్థితిలో ఉన్న మనిషి ముఖాన్ని మాత్రం పట్టుకోవడం వేరు.

ఈ వీడియోల్లో ఎవరెవరు ఉంటున్నారో గమనించండి. నడిచేవాళ్లు, ఎక్సెల్ మీద పోయేవాళ్లు, ఆటోవాళ్లు, సిగ్నల్ దగ్గర చేయి చాపే హిజ్రాలు, తెల్లారగానే అడ్డా మీద పనికోసం నిలబడే కూలీలు. కార్లోవాళ్లు తప్పు చేస్తే మహా అయితే ఒక నంబర్ ప్లేటు కనిపిస్తుంది, అద్దం వెనక ముఖం కనిపించదు. ముఖం కనిపించేది అద్దం లేనివాళ్లదే. కెమెరా కొనగలిగింది మనం, కెమెరాలో పడేది వాళ్లు. ఇది మనం ఒప్పుకోవాలి.

ఫోటో తీసేముందు అవతలి మనిషి గురించి ఆలోచించడం ఈ ఊరికి కొత్త కాదు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫర్‌గా ఉన్న లాలా దీన్ దయాళ్ 1892లో ఇక్కడ జనానా స్టూడియో తెరిచాడు. పరదా పాటించే ఆడవాళ్ల కోసమే ఆ స్టూడియో. అందులో ఫోటోలు తీసేది ఆయన కాదు, మిసెస్ కెన్నీ లెవిక్ అనే ఆవిడ నడిపేది. అది పెద్దింటి ఆడవాళ్లకు మాత్రమే దొరికిన మర్యాద కావచ్చు. అయినా ఫోటో దిగే మనిషికి ఇబ్బంది లేకుండా ఎలా తీయాలి అని అంత పేరున్న ఫోటోగ్రాఫర్ ఆలోచించాడు, దానికోసం వేరే స్టూడియోనే పెట్టాడు. నూట ముప్పై ఏళ్ల తర్వాత మన చేతిలో అంతకంటే ఎన్నో రెట్లు మెరుగైన కెమెరా ఉంది, కానీ ఆ ఆలోచన లేదు.

అంత పాత సంగతి ఎందుకంటారా, 2022 జూలైలో గూగుల్ స్ట్రీట్ వ్యూ మన దేశంలో పది నగరాలతో మొదలైంది, అందులో హైదరాబాద్ ఒకటి. వీధి వీధీ తిరిగి ఫోటోలు తీశారు. అయినా ముఖాలూ నంబర్ ప్లేట్లూ మసక చేసి పెట్టారు. ముక్కూముఖం తెలియని కంపెనీ చేసిన ఆ పని, ఇదే ఊళ్లో పక్కపక్కన బతికే మనం ఎందుకు చేయం?

చట్టం సంగతి కూడా మాట్లాడదాం. మీలో చాలామంది "చట్టంలో తప్పని ఉందా?" అని అడుగుతారని తెలుసు. సూటిగా చెప్పాలంటే, మన దేశంలో కార్లో కెమెరా పెట్టుకోవడం నేరం కాదు. రోడ్డు మీద ఫోటో తీయడమూ మామూలుగా నేరం కాదు. ఐటీ చట్టంలోని 66ఈ సెక్షన్, ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 77వ సెక్షన్ ఉన్నాయి గానీ అవి శరీరంలోని రహస్య భాగాలను, ఆడవాళ్ల ఆంతరంగిక క్షణాలను దొంగచాటుగా తీసేవాళ్ల కోసం. మా బాపు లాంటివాళ్లు వాటి కిందకు రారు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా, ఒక మనిషి తన సొంత అవసరానికో ఇంటి అవసరానికో వాడుకునే డేటాకు వర్తించదని మూడో సెక్షన్‌లోనే చెబుతుంది. ఇన్సూరెన్స్ కోసం కార్డులో దాచుకున్న వీడియో సొంత అవసరమే, ఒప్పుకుంటాను. వేలమంది చూసే పేజీలో పెట్టి, దాని మీద యాడ్ డబ్బులు కూడా తీసుకుంటే అది ఎవరి ఇంటి అవసరం? నా మటుకు నాకు అది ఆ మినహాయింపులోకి రాకూడదనిపిస్తుంది.

అన్నిటికంటే పెద్దది 2017 ఆగస్టు 24న వచ్చిన పుట్టస్వామి తీర్పు. తొమ్మిది మంది సుప్రీంకోర్టు న్యాయమూర్తులు ప్రైవసీ ప్రాథమిక హక్కే అని ఏకగ్రీవంగా చెప్పారు. మనిషి నలుగురూ తిరిగే చోట ఉన్నంత మాత్రాన ప్రైవసీ పోదని, అది చోటును కాక మనిషిని అంటిపెట్టుకుని ఉంటుందని ఆ తీర్పులో ఉంది. "రోడ్డు మీదకు వచ్చాక ప్రైవసీ ఏంటి" అన్న ప్రశ్నకు జవాబు అదే. జర్మనీలో 2018లో అక్కడి అత్యున్నత సివిల్ కోర్టు ఇచ్చిన తీర్పు కూడా నాకు నచ్చింది. ఆగకుండా రికార్డు చేస్తూ పోవడం డేటా నిబంధనలకు విరుద్ధమే అయినా, యాక్సిడెంట్ కేసులో ఆ వీడియోను కోర్టు సాక్ష్యంగా తీసుకోవచ్చు అని చెప్పింది. అంటే తీయడం వేరు, దేనికి వాడుతున్నామన్నది వేరు. నేను మీతో అంటున్నదీ దాదాపు ఇదే.

ప్రభుత్వ కెమెరాల మీద మనవాళ్లు ప్రశ్నలు అడుగుతూనే ఉన్నారు. ముఖాన్ని గుర్తుపట్టే టెక్నాలజీ మీద మన ఊరి సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ హైకోర్టుకు వెళ్తే 2022 జనవరిలో ప్రభుత్వానికి నోటీసు ఇచ్చారు. బంజారాహిల్స్‌లో కట్టిన పోలీసుల కమాండ్ కంట్రోల్ సెంటర్‌లో ఏం చూస్తున్నారని అడగడానికి ఆర్టీఐ ఉంది, కోర్టు ఉంది, అసెంబ్లీ ఉంది. మీ కారు కెమెరాను అడగడానికి మా బాపుకి ఏముంది? ఎవరి దగ్గరికి పోవాలి? పేజీ నడిపేవాళ్లకు నేను ఆరు మెసేజ్‌లు పెట్టాను. ఒక్కదానికీ జవాబు రాలేదు. రిపోర్ట్ కొడితే, మా నియమాలకు విరుద్ధంగా ఏమీ లేదని రెండు లైన్లు వచ్చాయి.

ఇంకో సంగతి. పార్కింగ్ మోడ్. కారు ఆపి ఉన్నా బ్యాటరీ మీద రికార్డయ్యేలా వైరింగ్ చేయించుకున్నవాళ్లు మన కాలనీల్లో చాలామంది ఉన్నారు. కారు దొంగల భయం నాకూ అర్థమవుతుంది. కానీ మన కాలనీల్లో కారు మన ఇంటి ముందు ఆగదు, ఖాళీ ఉన్న చోట ఆగుతుంది. ఎదురింటివాళ్ల కిటికీకి ఎదురుగా రాత్రంతా ఒక కెమెరా నిలబడి ఉంటే ఆ ఇంటి అమ్మాయి కిటికీ తీయగలదా? కారు ముందు భాగాన్ని మన గోడ వైపు పెట్టి ఆపితే సగం గొడవ ఉండదు. లేదంటే ఎదురింటికి వెళ్లి ఒక మాట చెబితే సరిపోతుంది. మా వీధిలో ఒకాయన అలాగే వచ్చి, ఫోన్‌లో కెమెరాకు ఎంత మేర కనిపిస్తుందో చూపించి వెళ్లారు. ఆయన కారు మీద ఇప్పటిదాకా ఎవరూ ఒక్క మాట అనలేదు.

నేను నా కెమెరాతో ఏం చేస్తున్నానో చెప్తాను, ఉపయోగపడితే తీసుకోండి. మొదటి పని, మైక్ ఆపేశాను. యాక్సిడెంట్ ఎలా జరిగిందో చెప్పడానికి బొమ్మ చాలు, కార్లో మా ఇంటి మాటలు అక్కర్లేదు. లోపలి వైపు కెమెరా ఉన్న క్యాబ్ అన్నలకు ఇది ఇంకా ముఖ్యం. వెనక సీట్లో కూర్చున్నవాళ్లు ఏడుస్తుండొచ్చు, డాక్టర్‌తో మాట్లాడుతుండొచ్చు, అక్కడ కెమెరా ఉందని ఒక స్టిక్కర్ అంటించండి. కార్డు నిండితే పాతవి దానంతటదే చెరిగిపోయేలా లూప్ రికార్డింగ్ ఉంటుంది కదా, దాని పని దాన్ని చేయనిస్తాను. కుదుపు వచ్చినప్పుడు కెమెరా తనే లాక్ చేసి దాచే ఫైళ్లను మాత్రం నెలకోసారి చూసి, అవసరం లేనివి తీసేస్తాను. మన రోడ్ల గుంతలకు ఆ లాకులు ఎన్ని పడతాయో మీకూ తెలుసు.

ఎవరైనా నిజంగా ప్రమాదకరంగా నడిపితే పోలీసులకు పంపుతాను. కోసింది కాదు, మొత్తం ఫైలు పంపుతాను. కోర్టు దాకా పోతే భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి సర్టిఫికెట్ అడుగుతారు. అప్పుడు పనికొచ్చేది మ్యూజిక్ కలిపిన రీల్ కాదు, కార్డులో ఉన్న అసలు ఫైలు. తప్పు చేసినవాడికి శిక్ష పడాలన్నదే మన ఉద్దేశమైతే రీల్ వల్ల ఆ పని చెడుతుంది కూడా.

యాక్సిడెంట్ జరిగిన చోట మాత్రం కెమెరా సంగతి వదిలేయండి. 108 ఈ ఊళ్లోనే 2005లో పుట్టింది. ముందు ఆ మూడు అంకెలు నొక్కండి. రక్తంలో పడి ఉన్న మనిషి వీడియో ఇంట్లోవాళ్లకు ఫోన్ వెళ్లకముందే వాట్సాప్‌లో చేరుతోంది. భర్త పోయిన సంగతి గ్రూపులో వచ్చిన వీడియోలో చూసి తెలుసుకున్న ఒక ఆవిడను నేను ఎరుగుదును. ఇంతకంటే రాయలేను.

ట్రాఫిక్ పోలీసు అధికారులకు కూడా ఒక మాట. జనం నుంచి వీడియోలు తీసుకోవడం మంచి పద్ధతే, దాని వల్లే మా బాపుకి చలానా వచ్చింది, ఆయన జన్మలో మళ్లీ రాంగ్ రూట్‌లో పోడు. కానీ ఎక్స్ (పాత ట్విట్టర్)లో అందరికీ కనిపించేలా మీకు ట్యాగ్ చేసి పెడితే ఆ మనిషి ముఖమూ బండి నంబరూ ఊరంతా చూస్తోంది. "మాకు విడిగా పంపండి, బయట పెట్టకండి" అని ప్రతి జవాబులో ఒక లైను కలిపితే చాలు. మీరు చెబితే వింటారు. అలాగే యూటర్న్ మూసేసేముందు రెండు రోజులు బోర్డు పెట్టించండి. మా రోడ్డు మీద రాంగ్ రూట్‌లో వచ్చేవాళ్లందరూ పొగరుబోతులు కారు.

ఇక ఆ వీడియో తీసిన మీకు. మీరెవరో నాకు తెలియదు, కనుక్కోవాలని కూడా లేదు. మీ బండి నంబరు ఎక్కడా రాయను, మీ గొంతు ఎవరికీ వినిపించను. క్షమాపణ అడగడం లేదు. మీరు హారన్ కొట్టడంలో తప్పు లేదు, పోలీసులకు పంపడంలో తప్పు లేదు. ఆ పంతొమ్మిది సెకన్ల వీడియోను మాత్రం తీసేయండి. ఇంకా ఎవరెవరు ఎక్కడెక్కడ పెట్టారో తెలిస్తే వాళ్లకూ ఒక మాట చెప్పండి. తీసేశాక నాకు చెప్పాల్సిన అవసరం లేదు. ప్రతి ఆదివారం పొద్దున బాపు లేవకముందు నేను ఆ పేజీ తెరిచి చూస్తూనే ఉన్నాను.

ఇట్లు,
బోడుప్పల్ నుంచి,
ఒక రిటైర్డ్ బస్సు డ్రైవర్ కూతురు